ట్రాన్సిస్టర్ గొంతులో జీర

1960ల మధ్యకాలం. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ ఇంట్లో రికార్డులు పెట్టుకుని వినేవాళ్లు పాత వాల్వు యాంప్లిఫయర్లు తీసేసి కొత్త ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు తెచ్చుకుంటున్న రోజులు. కొత్తది తేలిగ్గా ఉంటుంది. కాల్చేంత వేడి ఉండదు. బండరాయిలాంటి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. స్విచ్ వెయ్యగానే పలుకుతుంది. కంపెనీ ఇచ్చిన కాగితం చూస్తే డిస్టార్షన్ 0.1 శాతమనో, అంతకన్నా తక్కువనో రాసి ఉండేది. అంటే పాతదానితో సమానం, లేదా పాతదానికంటే మేలు.

అయినా నాలుగు రోజులు వినేసరికి చెవి అలిసిపోయేది. వయొలిన్ గీరుకున్నట్టుండేది. గాయని గొంతులో లేని జీర ఒకటి ఎక్కడినుంచో వచ్చి చేరేది. దీనికి జనం పెట్టిన పేరు ‘ట్రాన్సిస్టర్ సౌండ్’. మీటరు ముందు కూర్చున్నవాళ్లు, పాత వాల్వుకు చెవి అలవాటుపడింది గనక అలా అనిపిస్తోందన్నారు. వినేవాళ్లు, మీ మీటరు ఏం కొలుస్తోందో మాకు తెలియదు గానీ ఇది మాత్రం పాటలా లేదన్నారు. ఈ తగువు తేలడానికి పదేళ్ల పైనే పట్టింది. తేల్చిన ఆధారాలు ఒక్కచోట దొరకలేదు, ఒకరికే దొరకలేదు. వాటిని వరసగా పేర్చి చూడటం నాకిష్టం. ఈ రోజుకీ బల్ల మీద యాంప్లిఫయర్ విప్పి పెట్టుకున్న మెకానిక్‌కి అవే ఆధారాలు, అదే వరసలో పనికొస్తాయి.

ముందు ఆ 0.1 అన్న అంకెకు అంత గౌరవం ఎలా వచ్చిందో చూడాలి. లండన్‌లో హెచ్.జె. లీక్ కంపెనీ 1945లో తెచ్చిన వాల్వు యాంప్లిఫయర్ పేరే ‘పాయింట్ వన్’. డిస్టార్షన్ 0.1 శాతానికి దిగిందని చెప్పుకోవడానికి పెట్టిన పేరది. 1947 ఏప్రిల్, మే నెలల్లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో డి.టి.ఎన్. విలియమ్సన్ తన యాంప్లిఫయర్ సర్క్యూట్ అచ్చువేశాడు. కేటీ66 వాల్వులు రెండు, 15 వాట్లు, డిస్టార్షన్ అదే 0.1. దేశదేశాల్లో అభిరుచి ఉన్నవాళ్లు దాన్ని చూసి సొంతంగా కట్టుకున్నారు. ఈ రెండింటి వెనకా ఉన్నది బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్‌కి 1927 ఆగస్టు 2న తట్టిన ఆలోచన. హడ్సన్ నది దాటే పడవలో పనికి వెళ్తూ, చేతిలో ఉన్న ‘న్యూయార్క్ టైమ్స్’ కాగితం మీదే గీసుకున్నాడు. అవుట్‌పుట్‌లోంచి కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌తో పోల్చి, తేడా ఎంత ఉందో అంతా తనంతట తనే సరిదిద్దుకునేలా చెయ్యడం. అదే నెగటివ్ ఫీడ్‌బ్యాక్. వాల్వుల కాలంలో అది అద్భుతంగా పనిచేసింది. 0.1 వచ్చిందంటే వినడానికి బాగుంటుందని ఇరవయ్యేళ్ల అనుభవం చెప్పింది. ఆ నమ్మకాన్ని అలాగే ఎత్తి ట్రాన్సిస్టర్ల మీద పెట్టారు. చిక్కు అక్కడ పడింది.

ఆ అంకెను ఎలా కొలిచేవారంటే, యాంప్లిఫయర్‌కి 1 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ ఇస్తారు. స్పీకర్ బదులు 8 ఓముల రెసిస్టర్ కడతారు. పూర్తి పవర్ వచ్చేదాకా పెంచుతారు. వచ్చినదాంట్లోంచి ఆ 1 కిలోహెర్ట్జ్‌ని ఫిల్టర్‌తో తీసేస్తారు. మిగిలిందంతా యాంప్లిఫయర్ సొంతంగా కలిపిన చెత్త. మొత్తంలో దాని శాతమే డిస్టార్షన్. ఇందులో మూడు షరతులున్నాయి: పూర్తి పవర్, స్పీకర్ కాని రెసిస్టర్, చెత్త ఎలాంటిదో అడగకుండా ఎంతో మాత్రమే చెప్పే ఒకే ఒక్క అంకె. మూడూ ఒకదాని తరవాత ఒకటి తప్పుదారి పట్టించాయి.

మొదటి ఆధారం: జీర ఎప్పుడు వినిపిస్తోంది?

మా బల్ల దగ్గరికి యాంప్లిఫయర్ తెచ్చినవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఒకసారి రిటైరైన మాస్టారొకాయన తన పాత స్టీరియో పట్టుకొచ్చి, “బాబూ, పెద్దగా పెడితే బాగానే ఉంటుందయ్యా. రాత్రి అందరూ పడుకున్నాక వీణ సన్నగా పెట్టుకుంటానా, అప్పుడే గీరుతుంది. మీట గట్టిగా పడినప్పుడు కాదు, నాదం సన్నగిల్లే చివర్లో” అన్నారు. “అయితే సగం పని మీరే చేసిపెట్టారు మాస్టారూ” అన్నాను. మామూలుగా యాంప్లిఫయర్లు గట్టిగా పెడితే గోల చేస్తాయి, తగ్గిస్తే సర్దుకుంటాయి. తగ్గించినకొద్దీ చెడిపోయేది ఒక్కటే జబ్బు.

ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ చివరి అంచెలో రెండు ట్రాన్సిస్టర్లుంటాయి. పెద్ద దుంగను కోసే రంపానికి రెండు పక్కలా ఇద్దరు నిలబడ్డట్టు, అల పైసగాన్ని ఒకటి లాగితే కిందిసగాన్ని రెండోది లాగుతుంది. ఒకటి పనిచేస్తుంటే రెండోది విశ్రాంతి. కరెంటు ఆదా, వేడి తక్కువ. దీన్ని క్లాస్ బి అంటారు. ఇబ్బంది చేతులు మారే చోట ఉంది. సిలికాన్ ట్రాన్సిస్టర్ బేస్ మీద దాదాపు 0.6 వోల్టు పడేదాకా అది మేలుకోదు. పైది వదిలేసింది, కిందిది ఇంకా అందుకోలేదు. అల సున్నా దాటుతున్న ఆ క్షణంలో స్పీకర్‌ను పట్టుకున్నవాడు లేడు. దాని పేరు క్రాసోవర్ డిస్టార్షన్. ఇది రాకుండా రెండు ట్రాన్సిస్టర్లకూ ఎప్పుడూ కొద్దిగా కరెంటు పారుతూ, అరకునుకులో ఉండేటట్టు చేస్తారు. ఆ ఏర్పాటే బయాస్.

ఇప్పుడు లెక్క చూడండి. సున్నా దగ్గర పడే ఈ గంటు పరిమాణం, పాట గట్టిగా ఉన్నా సన్నగా ఉన్నా దాదాపు ఒకటే. అది 20 మిల్లీవోల్టులనుకుందాం. 100 వాట్ల దగ్గర 8 ఓముల మీద 28.3 వోల్టులుంటాయి. అందులో 20 మిల్లీవోల్టులంటే 0.07 శాతం. కాగితం మీద ఘనంగా అచ్చేసుకోవచ్చు. అదే రాత్రిపూట వీణ సన్నగా పెట్టుకుని 50 మిల్లీవాట్ల దగ్గర వింటుంటే ఉన్నదే 0.63 వోల్టు. అందులో అదే 20 మిల్లీవోల్టులు 3 శాతం దాటిపోతాయి. ఇంట్లో వినే పాట ఎక్కువసేపు ఒక వాట్‌కు అటూ ఇటూనే ఉంటుంది, ఆ వంద వాట్లు ఎప్పుడో ఒక్క మృదంగం దెబ్బకు కావాలి. కంపెనీ కాగితం కొలిచింది దెబ్బను, మనం వినేది మిగతా అంతా.

వాల్వు యాంప్లిఫయర్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. చిన్న స్థాయిలో రెండు వాల్వులూ కలిసే పనిచేస్తుంటాయి, చేతులు మారే ప్రసక్తి లేదు. శబ్దం తగ్గినకొద్దీ డిస్టార్షన్ కూడా తగ్గుతూ పోతుంది. పూర్తి పవర్ దగ్గర అది 0.1 అంటే, సన్న పాటలో ఇంకా తక్కువన్న మాట. ఒకే అంకె వాల్వుకు గరిష్ఠం, ట్రాన్సిస్టర్‌కు కనిష్ఠం. రెండింటినీ పక్కపక్కన పెట్టి సమానం అన్నారు.

మాస్టారి స్టీరియో సంగతి. 1 కిలోహెర్ట్జ్ ఇచ్చి, రెసిస్టర్ లోడ్ కట్టి, ఆసిలోస్కోప్ పెట్టాను. పెద్ద స్థాయిలో సైన్ వేవ్ అచ్చు గుద్దినట్టుంది. వాల్యూమ్ తగ్గిస్తూ, స్కోప్ మీద బొమ్మ సైజు తగ్గకుండా దాని నాబ్ తిప్పుకుంటూ వచ్చాను. అర వోల్టు దగ్గరికి వచ్చేసరికి అల నడుము దగ్గర చిన్న మెట్టు తేలింది. పైకి వెళ్తున్నప్పుడొకటి, దిగుతున్నప్పుడొకటి. ఇంకా తగ్గిస్తే అది మెట్టు కాదు, చదునైన గట్టు. తరవాత డిస్టార్షన్ మీటరు మిగిల్చిన చెత్తను మాత్రం స్కోప్‌కిచ్చి చూస్తే దాదాపు గీతలా ఉంది. సున్నా దాటే ప్రతిచోటా సూదిమొన లాంటి ముల్లు ఒకటి. ముల్లు సన్నం కాబట్టి సగటు తీసే మీటరు దాన్ని పెద్దగా లెక్కచెయ్యదు. చెవి అలా సగటు తియ్యదు.

రెండో ఆధారం పాతదే, ఎవరూ తీసి చూడనిది. బీబీసీ ఇంజినీరు డి.ఇ.ఎల్. షార్టర్ 1950 ఏప్రిల్‌లో ‘ఎలక్ట్రానిక్ ఇంజినీరింగ్’ పత్రికలో రాసిన వ్యాసం. ఆయన చెప్పిందేమిటంటే, డిస్టార్షన్ ఎంత అని అడిగితే చాలదు, ఏ హార్మోనిక్ అనేది అడగాలి. ఎన్నో హార్మోనిక్ అయితే ఆ సంఖ్య వర్గాన్ని 4తో భాగించి, అంత బరువు దానికి వెయ్యమన్నాడు. ఆ లెక్కన రెండోదానికి బరువు 1. ఏడోదానికి 12కు పైన. పదకొండోదానికి 30 దాటుతుంది. అంతకుముందు 1937లో అమెరికా రేడియో తయారీదారుల సంఘం ఇలాంటిదే మెత్తగా సూచించింది. పట్టించుకున్నవారు లేరు. అంకె ఒకటే అయితే అమ్మడం సులువు.

మన సంగీతం తెలిసినవాళ్లకు షార్టర్ మాట వెంటనే ఎక్కుతుంది. మూలస్వరం షడ్జమం అనుకుంటే రెండో హార్మోనిక్ తారస్థాయి షడ్జమం. మూడోది దాని మీది పంచమం. నాలుగోది మళ్లీ షడ్జమం. అయిదోది అంతర గాంధారం, సరిగా శ్రుతి చేసిన తంబురాలో తనంతట తానే పలికేది ఇదే. వాల్వు యాంప్లిఫయర్ చేర్చే చెత్త చాలావరకు ఈ చుట్టాలే. కొంచెం ఎక్కువైనా గొంతు నిండుగా ఉందంటాం తప్ప చెడిందనం. ఏడోది మొదలు కథ మారుతుంది. అది చతుశ్రుతి ధైవతానికీ కైశికి నిషాదానికీ మధ్య ఎక్కడో పడుతుంది. పదకొండోది శుద్ధ మధ్యమమూ కాదు, ప్రతి మధ్యమమూ కాదు. పదమూడోది రెండు ధైవతాల మధ్య. సున్నా దగ్గర పడే సూదిమొన ముల్లును విడగొట్టి చూస్తే ఇలాంటి పై హార్మోనిక్‌లే గుంపుగా కనిపిస్తాయి. ముల్లు ఎంత సన్నమైతే అంత పైదాకా పాకుతాయి. 0.1 శాతం తంబురా చుట్టాలు వేరు, 0.1 శాతం అపస్వరాలు వేరు.

అయితే బ్లాక్ ఇచ్చిన మందు ఉంది కదా, ఫీడ్‌బ్యాక్ ఇంకొంచెం పెంచితే పోదా? పెంచారు. అంకె తగ్గింది, జీర పోలేదు. మూడో ఆధారం అదే. ఫీడ్‌బ్యాక్ తప్పు దిద్దాలంటే, దిద్దడానికి యాంప్లిఫయర్ చేతిలో బలం ఉండాలి. రెండు ట్రాన్సిస్టర్లూ నిద్రపోతున్న క్షణంలో గెయిన్ పడిపోతుంది. సరిగ్గా దిద్దవలసిన చోటే దిద్దే చెయ్యి లేదు. ఇంకో సంగతి, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఫీడ్‌బ్యాక్ బలం సహజంగా తగ్గుతుంది, లేకపోతే యాంప్లిఫయర్ ఆసిలేట్ అవుతుంది. కాబట్టి అది రెండు, మూడు హార్మోనిక్‌లను బాగా ఊడుస్తుంది, పదకొండును అంతంతమాత్రం. ఊడ్చాక మిగిలేది అచ్చంగా అపస్వరాలే. అంకె చిన్నదవుతుంది, ఉన్నదాంట్లో అపస్వరాల వంతు పెరుగుతుంది. కొలతా అబద్ధం చెప్పలేదు, చెవీ అబద్ధం చెప్పలేదు.

ఇక్కడికి నేరం ఎక్కడ జరుగుతోందో తెలిసింది. బయాస్ పెడితే పోవాలి. పెట్టినా కొన్నిటిలో ఎందుకు పోలేదు?

ఆ జవాబు కోసం 1956కు వెళ్లాలి. ఆర్‌సీఏలో హెచ్.సి. లిన్ ఒక తెలివైన సర్క్యూట్ చేశాడు. పైకి లాగేది ఎన్‌పీఎన్, కిందికి లాగేది పీఎన్‌పీ ఉంటే జోడీ చక్కగా కుదురుతుంది. కానీ రెండు రకాల్లోనూ సరిజోడైన పవర్ ట్రాన్సిస్టర్లు అప్పట్లో దొరికేవి కావు. అందుకని లిన్ రెండు పక్కలా ఒకే రకం పెద్ద ట్రాన్సిస్టర్లు వేసి, ఒకదాని ముందు ఎదురు రకం చిన్న ట్రాన్సిస్టర్‌ను కట్టి ఆ ఎదురు రకంలా నటింపజేశాడు. మంచి సిలికాన్ పీఎన్‌పీ పవర్ ట్రాన్సిస్టర్ చాలాకాలం ఖరీదైన వస్తువు కావడంతో, 1960లలో చాలా యాంప్లిఫయర్లు ఈ దారిలోనే, కిందిసగం పీఎన్‌పీలా నటించేలా వచ్చాయి. మన దగ్గర 2ఎన్3055 జంటగా వేసి కట్టిన బోర్డులు, హైదరాబాదు కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లిన ప్రతి ఎలక్ట్రానిక్స్ పిచ్చివాడూ కొని తెచ్చుకున్న రకం, ఈ లిన్ సంతతే.

నటనలో తేడా ఉంది. పైసగం మేలుకునే తీరు మెత్తగా ఉంటే, కిందిసగం మేలుకునే తీరు ముక్కలా విరిగినట్టుంటుంది. రెండూ కలిసే చోట ఎంత బయాస్ పెట్టినా అతుకు కనిపిస్తుంది. బ్రాడ్‌ఫర్డ్‌లో పనిచేసిన ఎ.ఆర్. బెయిలీ 1968 మే ‘వైర్‌లెస్ వరల్డ్’లో నిజమైన పీఎన్‌పీతో 30 వాట్ల యాంప్లిఫయర్ ఇచ్చాడు. అప్పటికి ఆ ట్రాన్సిస్టర్లు దొరకడం మొదలైంది. మరుసటి ఏడాది జూన్‌లో అదే పత్రికలో ఐ.ఎం. షా, నటించే సగానికి ఒక డయోడ్ చేర్చితే అతుకు సాఫీ అవుతుందని చూపించాడు. సెప్టెంబర్‌లో పీటర్ బాక్సాండల్ ఆ మాటను ఇంకా మెరుగుచేసి, డయోడ్ ఎక్కడ పెట్టాలో, దానికి అడ్డంగా రెసిస్టర్ ఎందుకో వివరించాడు. ఒక్క డయోడ్, ఒక్క రెసిస్టర్! పదేళ్లుగా గీరుకుంటున్న సర్క్యూట్లు దాంతో బాగుపడ్డాయి. ఇలా నటించే పాత లిన్ రకం బోర్డు బాగుచేసేటప్పుడు ఆ చిన్న డయోడ్ కనిపిస్తే అనవసరమని పీకెయ్యకండి.

అదే 1969 ఏప్రిల్‌లో జాన్ లిన్స్లీ హుడ్ చేసిన పని, నా దృష్టిలో ఈ మొత్తం కథలో శుభ్రమైన ప్రయోగం. అనుమానితుణ్ణి చోటులోంచే తప్పించి చూశాడు. ట్రాన్సిస్టర్లు అవే, కానీ రెండూ ఎప్పుడూ పూర్తిగా మేలుకునే ఉండే క్లాస్ ఎ యాంప్లిఫయర్, కేవలం 10 వాట్లది. కరెంటు దండగ, హీట్ సింక్ పొయ్యిలా కాలుతుంది. కానీ చేతులు మారడం అనేదే లేదు. దాన్ని విలియమ్సన్ వాల్వు యాంప్లిఫయర్ పక్కన పెట్టి విన్నాడు, తీసిపోలేదు. అంటే దోషం ట్రాన్సిస్టర్ జాతిది కాదు, దానితో పని చేయించుకున్న పద్ధతిది.

తరవాతి ఆధారం వేడి. “ఆన్ చేసిన పది నిమిషాలు చెత్తగా ఉంటుందండీ, తరవాత సర్దుకుంటుంది” అని చెప్పేవాళ్లు మాకు తరచూ తగులుతారు. ట్రాన్సిస్టర్ వేడెక్కితే అది మేలుకునే వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. అంటే చల్లగా ఉన్నప్పుడు సరిపెట్టిన బయాస్ వేడిలో ఎక్కువైపోతుంది. ఎక్కువైతే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే వేడి పెరుగుతుంది, చివరికి ట్రాన్సిస్టరే కాలిపోతుంది. తొలినాటి జర్మేనియం ట్రాన్సిస్టర్ల మీద ఈ భయం ఇంకా ఎక్కువ. అందుకే జాగ్రత్తకని బయాస్ తక్కువ పెట్టి పంపడం కంపెనీలకు సురక్షితమైన దారి. ట్రాన్సిస్టర్ బతుకుతుంది, పాట గీరుతుంది. హీట్ సింక్‌కు అంటిపెట్టిన చిన్న ట్రాన్సిస్టర్ వేడిని కనిపెట్టి బయాస్ తగ్గించే ఏర్పాటు కుదిరాకే సరైన బయాస్ పెట్టే ధైర్యం వచ్చింది.

సరైనదంటే ఎంత? దీనికి 1971 ఫిబ్రవరిలో హ్యూలెట్ ప్యాకర్డ్ పత్రికలో బార్నీ ఆలివర్ లెక్క తేల్చాడు. ఒక్కో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఎమిటర్ దగ్గర ఉండే చిన్న రెసిస్టర్ మీద సుమారు 26 మిల్లీవోల్టులు పడేలా పెడితే అతుకు అత్యంత సాఫీగా ఉంటుంది. రెసిస్టర్ 0.22 ఓము అయితే దాదాపు 118 మిల్లీఆంపియర్లు, 0.47 అయితే 55. తక్కువ పెడితే గంటు, ఎక్కువ పెడితే రెండు ట్రాన్సిస్టర్లూ కలిసి లాగే చోట ఉబ్బు. ఎక్కువ బయాస్ మంచిదే అనుకునేవాళ్లు ఈ రెండోది గుర్తుపెట్టుకోవాలి. నిజమైన ట్రాన్సిస్టర్లలో లోపలి నిరోధం కూడా ఉంటుంది కాబట్టి ఈ అంకె కాస్త తగ్గుతుంది. నటించే సర్క్యూట్లకు లెక్క వేరు. సర్వీస్ మాన్యువల్ దొరికితే దాని మాటే వినాలి.

మాస్టారి స్టీరియోలో కుడి చానల్ రెసిస్టర్ మీద మల్టీమీటర్ 19 మిల్లీవోల్టులు చూపించింది, ఎడమ చానల్ మీద ఒకటిన్నర. బయాస్ సరిచేసే ప్రీసెట్ లోపల కార్బన్ ట్రాక్ మీద దుమ్ము, తుప్పు కలిసి నల్లటి పొర కట్టింది. స్క్రూడ్రైవర్‌తో ముట్టుకుంటే చాలు అంకె ఎగిరెగిరి పడుతోంది. ఇలాంటిదాన్ని స్ప్రే కొట్టి తిప్పి వదిలెయ్యకూడదు, మార్చాలి. ప్రీసెట్ కాంటాక్ట్ వదిలేస్తే బయాస్ పూర్తిగా పెరిగేలా కట్టిన బోర్డులు కూడా ఉన్నాయి, అప్పుడు జీరతో పోదు, పొగ వస్తుంది. కొత్తది వేశాక మెయిన్స్‌కు వరసలో 60 వాట్ల బల్బు పెట్టి ఆన్ చేస్తాను. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే క్షేమం, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు. బయాస్ మాత్రం ఆ బల్బు తీసేశాకే పెట్టాలి, అప్పటిదాకా సప్లై వోల్టేజి నిజం చెప్పదు. పావుగంట వేడెక్కనిచ్చి మళ్లీ సరిచూడాలి.

రెసిస్టర్ బదులు స్పీకర్ కడితే బయటపడిన దోషం ఇంకొకటి. స్పీకర్ మీద 8 ఓములని రాసి ఉన్నా అది కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 6 ఓములకు దిగుతుంది, కొన్ని చోట్ల ముప్ఫై దాటుతుంది, వోల్టేజికీ కరెంటుకూ మధ్య ఎడం కూడా వస్తుంది. 1960ల చివర్లో ట్రాన్సిస్టర్లు కాలిపోకుండా ప్రొటెక్షన్ సర్క్యూట్లు పెట్టడం మొదలైంది. రెసిస్టర్ లోడ్‌తో పరీక్షిస్తే అవి చడీచప్పుడు లేకుండా ఉండేవి. స్పీకర్ కట్టి కాస్త గట్టిగా పెడితే, ఆ ఎడం చూసి ప్రమాదమని పొరబడి కరెంటు కత్తిరించేవి. కాయిల్ ఊరుకోదు కదా, ఎదురు వోల్టేజి ముల్లు ఒకటి విసిరేది. విన్నవాళ్లకు అది చిటుక్కుమన్న శబ్దం. ఈ రకం జీర గట్టిగా పెట్టినప్పుడే వస్తుంది. సన్న పాట జీరతో కలిపి రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల కూడా చిక్కు ఇంత గట్టిపడింది.

1970 సెప్టెంబర్‌లో ఫిన్లండ్ పరిశోధకుడు మట్టి ఒటాలా ఇంకో అనుమానితుణ్ణి చూపించాడు. ఫీడ్‌బ్యాక్ ఎక్కువగా, స్వతహాగా నెమ్మదిగా ఉన్న యాంప్లిఫయర్‌కి హఠాత్తుగా ఒక దెబ్బ లాంటి సిగ్నల్ వస్తే, దిద్దుబాటు వెనక్కి వచ్చేలోగా మొదటి అంచె ఉక్కిరిబిక్కిరవుతుందన్నాడు. దాని పేరు ట్రాన్సియెంట్ ఇంటర్‌మాడ్యులేషన్, పొట్టిగా టిమ్. స్థిరమైన సైన్ వేవ్ పరీక్షలో ఇది పట్టుబడదు. 1973లో ఫిలిప్స్ పరిశోధకుడు యాన్ లోస్ట్రోతో కలిసి, ఫీడ్‌బ్యాక్ తక్కువ పెట్టిన యాంప్లిఫయర్ డిజైన్ కూడా ప్రచురించాడు. ఆ మాట దావానలంలా పాకింది. అప్పటినుంచి చాలామందికి ఫీడ్‌బ్యాక్ అంటేనే విషం.

నాకు ఈ నిర్ధారణ సగమే నిజమనిపిస్తుంది. అసలు ప్రశ్న, అవుట్‌పుట్ మైక్రోసెకనుకు ఎన్ని వోల్టులు ఎగబాకగలదు అన్నది. 100 వాట్ల యాంప్లిఫయర్‌లో అల కొస 40 వోల్టులు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర అది మైక్రోసెకనుకు 5 వోల్టుల వేగంతో ఎక్కాలి. దానికి రెండు మూడు రెట్లు వేగం ఉన్న యాంప్లిఫయర్‌ని ఏ మృదంగమూ ఇబ్బంది పెట్టదు. 1960ల పవర్ ట్రాన్సిస్టర్లు, తొలితరం 2ఎన్3055తో సహా, నిజంగానే మందకొడివి. వాటి విషయంలో ఒటాలా అన్నది సబబే. కానీ 1980లో బాబ్ కార్డెల్, ఫీడ్‌బ్యాక్ పుష్కలంగా ఉండి కూడా టిమ్ దాదాపు లేని యాంప్లిఫయర్ సాధ్యమేనని కొలిచి చూపించాడు. వేగం లేకపోవడం దోషం, ఫీడ్‌బ్యాక్ కాదు.

ఇంకొక చిన్న ఆధారం 1973 మేలో రస్సెల్ హామ్ రాసిన వ్యాసంలో ఉంది. మైక్రోఫోన్ ప్రీయాంప్లిఫయర్లను పరిమితి దాటించి చూస్తే వాల్వులది మెత్తటి మొగ్గు, ట్రాన్సిస్టర్లది గోడకు కొట్టుకోవడం. పెళ్లి పందిళ్లలో మైక్ సెట్లు నడిపిన పాతకాపులు, వాల్వు సెట్టు ఎంత గట్టిగా పెట్టినా హార్న్‌లోంచి మాట మాటలా వస్తుందని ఎందుకనేవారో దీన్ని బట్టి తెలుస్తుంది. వాళ్లు ఎప్పుడూ పరిమితి మీదే నడిపేవారు.

ఇవన్నీ సరిచేస్తే జీర పోవాలి. పోయిందో లేదో చూసే పరీక్ష 1978లో జరిగింది. పీటర్ వాకర్ నడిపిన క్వాడ్ కంపెనీ యాంప్లిఫయర్లు మూడు తీసుకున్నారు: 1953 నాటి వాల్వు మోడల్ క్వాడ్ 2, 1967 నాటి ట్రాన్సిస్టర్ మోడల్ 303, అప్పటికి కొత్తదైన 405. 303లో ఒక్కో పక్క మూడేసి ట్రాన్సిస్టర్లను గుదిగుచ్చి బయాస్ వేడికి చలించకుండా చేశారు. 405లో ఇంకా సాహసించారు. పెద్ద ట్రాన్సిస్టర్లకు బయాసే లేదు, అవి నిద్రపోయే క్షణంలో చిన్న క్లాస్ ఎ యాంప్లిఫయర్ ఒకటి వాటి పని అందుకుంటుంది. జేమ్స్ మోయిర్ ఆధ్వర్యంలో శ్రోతలను కూర్చోబెట్టి, ఏది పలుకుతోందో చెప్పకుండా వినిపించారు. గుర్తుపట్టలేకపోయారు. ఫలితం ‘వైర్‌లెస్ వరల్డ్’ జులై సంచికలో వచ్చింది. వాల్వు అభిమానులు కొందరు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోరు. నాకు మాత్రం ఆ ఫలితంలో ఆశ్చర్యం కనపడదు. అతుకు మాయమైనప్పుడు కుట్టింది ఎవరో ఎలా చెబుతారు?

అతుకు పూర్తిగా మాయమైందా అంటే, ఒక మూల ఇంకా మిగిలింది. గట్టి దరువు పడ్డప్పుడు ట్రాన్సిస్టర్ లోపలి చిప్ క్షణాల్లో వేడెక్కుతుంది, ఆ వేడి హీట్ సింక్ దాటి కనిపెట్టే ట్రాన్సిస్టర్‌ను చేరడానికి నిమిషాలు పడుతుంది. దరువు ఆగి సన్న పాట మొదలయ్యేసరికి బయాస్ ఇంకా పాత లెక్కలోనే ఉంటుంది. వేడి కొలిచే డయోడ్‌ను పవర్ ట్రాన్సిస్టర్ డబ్బాలోనే పెట్టి ఆన్ సెమీకండక్టర్ థర్మల్‌ట్రాక్ పేరుతో అమ్మినవి దీని కోసమే. ఇప్పుడు వస్తున్న క్లాస్ డి యాంప్లిఫయర్లలో బయాస్ ఊసే లేదు, రెండు మాస్‌ఫెట్లు సెకనుకు లక్షలసార్లు స్విచ్ అవుతాయి. కానీ రెండూ ఒకేసారి ఆన్ అయితే సప్లై షార్టవుతుంది కాబట్టి ఒకటి ఆగాక రెండోది మొదలయ్యేలోగా కొన్ని నానోసెకన్లు ఖాళీ వదలాలి. దాన్ని డెడ్ టైమ్ అంటారు. అది ఎక్కువైతే డిస్టార్షన్ పుట్టేది మళ్లీ కరెంటు సున్నా దాటే చోటే. అందుకే క్లాస్ డి బోర్డు బల్ల మీదికి వచ్చినా, పూర్తి పవర్ జోలికి పోకముందే అర వాట్ దగ్గర స్కోప్ పెట్టి చూస్తాను.